మూడు ఫేజుల్లో ఒకే కరెంటు, ఒక్కదాంట్లోనే వేడి

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో కరెంటు పనులు నేనే చూస్తాను. అక్కడి మెయిన్ ప్యానెల్ సర్వీసులో నాకంటే సీనియర్. డిసెంబరులో, సరిగ్గా సీజన్ మధ్యలో, బ్రేకర్ ఊరికే ట్రిప్ అవడం మొదలైంది. కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ పెట్టి చూస్తే మూడు ఫేజుల్లోనూ ఆంపియర్లు దాదాపు సమానం, రేటింగుకు చాలా తక్కువ. ‘‘బ్రేకర్ మార్చెయ్’’ అన్నాడు ఓనరు. ఒక్కసారి చూద్దామని వేడిని రంగుల్లో చూపించే థర్మల్ కెమెరా అద్దెకు తెచ్చాను.

మొదటిరోజు అంతా నా తెలివితక్కువే. మిల్లు ఆగి ఉన్నప్పుడు తీరిగ్గా తలుపు తీసి చూశాను. ఏముంటుంది, అంతా నీలం రంగే, అంటే చల్లగానే ఉంది! లోడు సగమైతే వేడి నాలుగో వంతే, అసలు లోడే లేకపోతే సున్నా. కనీసం 40 శాతం లోడైనా ఉండాలి.

మర్నాడు పొద్దున్నే మిల్లు గంటసేపు నడిచాక చూశాను. ముందున్న అక్రిలిక్ షీటు లోంచి కంటికి అన్నీ కనిపిస్తాయి గానీ కెమెరాకు షీటు ఒక్కటే కనిపిస్తుంది. ఆపించి, షీటు విప్పి, మళ్లీ నడిపించాం. గ్లవ్స్, ఫేస్ షీల్డు వేసుకుని రబ్బరు మ్యాట్ మీద నిలబడ్డాను. ప్యానెల్‌లో కరెంటు మోసే రాగి పట్టీ, అదే బస్‌బార్ మీద ఒక మెరుపు కనబడింది. దొరికింది అనుకుని పక్కకు జరిగితే అదీ నాతోపాటే జరిగింది. నా ఒంటి వేడే అద్దంలోలా కనిపిస్తోంది! మెరిసే లోహం మీద రీడింగ్ నమ్మకూడదు. మళ్లీ ఆపించి, కేబుల్ కొసలకుండే లగ్గుల మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్కలు అంటించాను.

‘‘ఇంకెన్నిసార్లు ఆపిస్తవన్నా?’’ అన్నాడు ఆపరేటర్.

అదే ఆఖరు. బ్రేకర్ దగ్గర ఆర్ ఫేజ్ 52, బి ఫేజ్ 54, వై ఫేజ్ 97 డిగ్రీలు. వేడంతా లగ్గు దగ్గరే, కేబుల్ వెంట కిందికి పోయేకొద్దీ తగ్గింది. ఓవర్‌లోడైతే కేబుల్ పొడవునా ఉండేది. అంటే జాయింటే లూజు. ఆ వేడి బ్రేకర్ లోపలికి పాకి, రేటింగు దాటకుండానే ట్రిప్ చేయిస్తోంది.

సప్లై తీయించి విప్పితే రాగి టెర్మినల్‌కు అల్యూమినియం లగ్గు నేరుగా బిగించి ఉంది, మధ్యలో తెల్లటి పొడి, అంటే అల్యూమినియం తుప్పు. హెల్పర్ స్పానర్ అందుకున్నాడు. కాలిన లగ్గును బిగిస్తే నాలుగు రోజులు ఆగుతుందంతే. కేబుల్ కొస కోసి అల్యూమినియం, రాగి రెండూ ఉండే బైమెటాలిక్ లగ్గును క్రింప్ చేశాం, అంటే నొక్కి బిగించాం. కేబుల్ పొట్టిదై అందక, ట్రేలో క్లాంపులు విప్పి లాగడానికే సగం పూట పోయింది.

బ్రేకర్ టెర్మినల్ దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి పెళుసెక్కింది. చివరికి అదీ మార్చాల్సే వచ్చింది. ‘‘నేను మొదటి రోజే చెప్పిన గదా’’ అన్నాడు ఓనరు.