రెండు వేల రూపాయల రౌటర్ కొనేముందు దాన్ని వెనక్కి తిప్పి చూడండి

మేము 200 ఎంబీపీఎస్ ప్లాన్‌కి మారినా మేడ మీద గదిలో మా అబ్బాయి పాఠం వింటుంటే సారు బొమ్మ మాటిమాటికీ ఆగిపోయేది. ఆపరేటర్ బిగించిన ఓఎన్‌టీ, అదే ఫైబర్ తీగ నేరుగా దిగే డబ్బా, హాల్లో ఉంది. అది వై-ఫై ఇస్తుంది గానీ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఒక్కటే. గుంటూరులో మా వీధిలో ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉంటాయి. ఫోన్లో వై-ఫై అనలైజర్ అనే యాప్ పెట్టి చూస్తే పక్కింటివాళ్లది, ఎదురింటివాళ్లది, వెనక హాస్టల్‌ది అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఆ బ్యాండ్‌లో ఒకదానికొకటి తగలకుండా ఉండే ఛానెళ్లు, అంటే సిగ్నల్ వెళ్లే దారులు, 1, 6, 11 మాత్రమే. వీధి వీధంతా ఆ మూడింట్లోనే సర్దుకోవాలి. అందుకే 5 గిగాహెర్ట్జ్ కూడా ఉన్న రౌటర్ రెండు వేల చిల్లరలో తీసుకుందామని బ్రాడీపేట వెళ్లాను.

షాపులో అబ్బాయి రెండు పెట్టెలు ముందు పెట్టాడు. రెండూ టీపీ-లింక్ వాళ్లవే: ఒకటి ఆర్చర్ సీ50, ఒకటి ఆర్చర్ సీ6. "రెండూ 1200 స్పీడే మేడం. ఇదైతే మీకు తక్కువలో వచ్చేస్తుంది, యాంటెనాలు కూడా నాలుగున్నాయి చూడండి" అన్నాడు సీ50 చూపిస్తూ. పాపం, పెట్టె మీద ఉన్నదే చెప్పాడు. "కాస్త వెనక్కి తిప్పు బాబూ" అన్నాను.

ఈ పోస్టు రాస్తున్నదే ఆ వెనక వైపు గురించి. పెట్టె మీద 1200 అంటే 2.4లో 300, 5లో 867, రెండూ కలిపి గుండ్రంగా వేసిన లెక్క. మీ ఫోను ఒక్కసారికి ఆ రెంటిలో ఒకదానికే కలుస్తుంది. అదీ గాలిలో వెళ్లే స్పీడు. రౌటర్లోకి నెట్ వచ్చేది మాత్రం వెనకున్న వ్యాన్ పోర్టులోంచి. సీ50లో ఆ పోర్టు 10/100, అంటే 100 మెగాబిట్లు దాటదు. సీ6లో అదే పోర్టు గిగాబిట్, అంటే 1000 దాకా. మీది 50 ప్లానో 100 ప్లానో అయితే చవకది హాయిగా తీసుకోండి, ఏ లోటూ రాదు. 200కి నెలనెలా డబ్బు కట్టేవాళ్లు 100 పోర్టున్న రౌటర్ కొంటే ఆ ప్లాన్‌లో సగం డబ్బు ఊరికే పోయినట్టే. నేను సీ6 తీసుకున్నాను. యాంటెనాలు నాలుగా ఆరా అని లెక్కపెట్టి కొనేవాళ్లు మన చుట్టూ ఎంతమందో, వాళ్లకి ఎవరైనా ఈ సంగతి చెబితే బాగుండు అనిపించింది.

ఒక జాగ్రత్త. ఈ రౌటర్లలోకి ఫైబర్ తీగ నేరుగా దిగదు. ఓఎన్‌టీ ఎక్కడికీ పోదు, దాని ల్యాన్ పోర్టు, అంటే ఇంట్లో పరికరాలకి నెట్ ఇచ్చే పోర్టు, నుంచి కొత్త రౌటర్‌కి ఈథర్నెట్ తీగ లాగాలి. ఓఎన్‌టీ వెనక కూడా చూడండి: చాలా చౌక డబ్బాల్లో ఒక పోర్టు గిగాబిట్, రెండోది 100. తీగ ఎందులో గుచ్చారన్నది ముఖ్యం. కొత్తదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వచ్చిన నెట్‌ని పంచడం మాత్రమే చేసేలా, పెడితే లాగిన్ వ్యవహారం పాత డబ్బానే చూసుకుంటుంది, ఆపరేటర్‌ని పాస్‌వర్డ్ కోసం బతిమాలే పని లేదు.

5 గిగాహెర్ట్జ్ వేగంగా వెళ్తుంది గానీ గోడలంటే దానికి పడదు. ఇటుక గోడ ఒకటైతే దాటుతుంది, శ్లాబు దాటేసరికి నీరసపడిపోతుంది. ఇనుప బీరువా పక్కనో టీవీ వెనకో పెడితే ఇక చెప్పక్కర్లేదు. మా ఇంటికి సరైన చోటు మెట్ల మలుపే, అక్కడి నుంచి పై గదికి గోడ ఒక్కటే అడ్డం. "కాళ్లకి తగులుతుందేమోనమ్మా" అన్నారు అత్తయ్యగారు. నిజమే, అందుకే తలకంటే ఎత్తులో గోడకి మేకులు కొట్టించి తగిలించాం.

హాల్లోంచి అక్కడిదాకా తీగ లాగడానికి మనిషిని పిలిచాం. అంతా అయ్యాక స్పీడ్ టెస్ట్ పెడితే 94. మళ్లీ పెట్టినా 94. ఆ అంకె దగ్గర స్థిరంగా నిలబడిపోయిందంటే ఎక్కడో 100 లింకు పడిందన్నమాటే. తీగ చివరున్న ప్లాస్టిక్ ప్లగ్గు అద్దంలా ఉంటుంది కదా, లోపలికి చూశాను. నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, ఆకుపచ్చ. అంతే. నీలం, గోధుమ రంగు జతలు బయటే కత్తిరించేసి ఉన్నాయి. 100కి నాలుగు పోగులు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. మళ్లీ పిలిపించి, పక్కన నిలబడి, రెండు చివర్లా ఎనిమిదీ వేయించాను. ఈసారి మేడ మీద గదిలోనే 190 దాటింది. మీ ఇంట్లోనూ 94 దగ్గరే ఆగుతుంటే కొత్త రౌటర్‌కి డబ్బు పెట్టేముందు ఆ ప్లగ్గులోకి ఒక్కసారి చూడండి.

ఎండాకాలం కరెంటు కోతలకి మినీ యూపీఎస్ కొనేవాళ్లకి ఇంకొక్క మాట. అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టులు చూసి కొనండి. మా రౌటర్‌ది 12, కొన్ని చిన్న రౌటర్లకి 9 ఉంటుంది. రౌటర్ ఒక్కటి వెలిగితే సరిపోదు, ఓఎన్‌టీకి కూడా కరెంటు అందాలి. రెంటి ఆంపియర్లూ కూడి, దానికి తగ్గ యూపీఎస్ అడగండి. మాలా రెండూ వేర్వేరు చోట్ల ఉంటే రెండు యూపీఎస్‌లు పెట్టుకోవాల్సిందే.