వాల్టర్ హారిసన్: ఓట్లు లెక్కపెట్టిన ఎలక్ట్రీషియన్

విప్ అనగానే మనకు గుర్తొచ్చేది అనర్హత వేటు. 1985 నుంచి మనకు రాజ్యాంగంలో పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) ఉంది, పార్టీ ఆదేశమైన విప్‌ను ధిక్కరిస్తే సీటే పోవచ్చు. బ్రిటన్‌లో అలాంటి చట్టం లేదు. పార్టీ తన బృందంలోంచి తీసేసినా ఎంపీ పదవి పోదు. కాబట్టి అక్కడ పార్టీ ఎంపీలను ఓటింగ్‌కు రప్పించే విప్ అనే నాయకుడి చేతిలో ఉండేవి రెండే: ఓట్ల లెక్క, ఇచ్చిన మాట.

ఆ రెండింటిలో హారిసన్ గట్టివారు. 1921లో యార్క్‌షైర్‌లోని డ్యూస్‌బరీలో పుట్టారు, వృత్తి ఎలక్ట్రీషియన్. 1964 నుంచి 1987 దాకా వేక్‌ఫీల్డ్ నుంచి లేబర్ పార్టీ ఎంపీ. 1974లో డిప్యూటీ చీఫ్ విప్ అయ్యారు. ఆ అక్టోబరు ఎన్నికల్లో 635 సీట్లకు లేబర్ గెలిచినవి 319, అంటే మెజారిటీ 3. ఉప ఎన్నికలతో అదీ కరిగిపోయింది.

ఓటింగ్ గంట మోగాక 8 నిమిషాలకు ఓటు వేసే లాబీల తలుపులు మూసేస్తారు. బార్‌లో ఒకరు, బాత్రూంలో ఒకరు చిక్కుకున్నా లెక్క తప్పుతుంది. నడవలేని రోగిని అంబులెన్స్‌లో పార్లమెంటు ఆవరణలోకి తెస్తే చాలు, విప్‌లు చూసి నిర్ధారిస్తే ఓటు చెల్లుతుంది. ఆవరణ దాకా కూడా రాలేకపోతే అప్పట్లో మిగిలేది పెయిరింగ్: ఇటు ఒకరు రాలేకపోతే అటు ఒకరు ఓటు మానుకుంటారు. దీనికి కాగితమూ సంతకమూ ఉండవు. ఒక్కసారి మాట తప్పితే మర్నాటి నుంచి ఆ విప్‌తో ఎవరూ బేరానికి రారు.

1979 మార్చి 28న ప్రధాని కాలహాన్ లేబర్ ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం. లేబర్ ఎంపీ సర్ ఆల్ఫ్రెడ్ బ్రాటన్ యార్క్‌షైర్‌లో మంచం పట్టి ఉన్నారు, ప్రయాణం చేస్తే ప్రాణం మీదికొస్తుందన్నారు. హారిసన్ ప్రతిపక్ష కన్జర్వేటివ్ పార్టీ డిప్యూటీ చీఫ్ విప్ బెర్నార్డ్ వెదరిల్ దగ్గరికి వెళ్ళి, జబ్బుపడ్డవారికి పెయిర్ ఇస్తామన్న మాట గుర్తుచేశారు. ఇంత కీలకమైన ఓటుకు ఏ కన్జర్వేటివ్ ఎంపీనీ మానుకోమని అడగలేనని వెదరిల్ అన్నారు. కానీ మాటిచ్చింది తను కాబట్టి తనే ఓటు మానుకుంటానన్నారు. అలా చేస్తే ఆయన రాజకీయ జీవితం అక్కడితో ముగిసినట్టే. హారిసన్ ఆ మాట నుంచి ఆయన్ను విడుదల చేశారు.

ఫలితం 311–310, ప్రభుత్వం పడిపోయింది. వెదరిల్ ఆగిపోయి ఉంటే 310–310. ఓట్లు సమానమైతే స్పీకర్ సంప్రదాయం ప్రకారం అవిశ్వాసానికి వ్యతిరేకంగానే నిర్ణాయక ఓటు వేస్తారు, ప్రభుత్వం నిలిచేది. ఈ లెక్క హారిసన్‌కు తెలియనిది కాదు. అందుకే ఆ నిర్ణయం నాకు అంత పెద్దదిగా కనిపిస్తుంది. ఉత్తర ఐర్లాండ్ సభ్యుల్లో జెర్రీ ఫిట్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు, ఫ్రాంక్ మగ్వైర్ లండన్ దాకా వచ్చి కూడా ఓటేయలేదు. కాబట్టి తప్పు ఒక్క పెయిర్ మీద మోపడం న్యాయం కాదు.

దర్జీ వృత్తి కుటుంబం నుంచి వచ్చిన వెదరిల్ 1983లో స్పీకర్ అయ్యారు. బ్రాటన్ ఓటింగ్ జరిగిన 5 రోజులకే, ఏప్రిల్ 2న చనిపోయారు.