‘ఇక్కడ ఎవరు రాయగలరు?’

“‘దీన్ని మార్చవద్దు’ అని కామెంట్ పెట్టారు. ప్రాసెసర్ కామెంట్లు చదువుతుందా?”

పరాయి దేశంలో ఎంబెడెడ్ (పరికరాల్లో ఉండే చిన్న చిప్పులకి ప్రోగ్రాం రాసే) పనిలో చేరినవాళ్ళకి కోడ్ రివ్యూలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి వాక్యం ఎదురవుతుంది. ముందు పలకరింపు ఉండదు, చివర మెత్తని మాట ఉండదు. అదే తప్పు మనవాళ్ళకి కనబడితే పక్కకి పిలిచి, “ఇది ఒకసారి చూడరాదూ” అంటారు. మొహమాటం అనే మాటకి ఇక్కడివాళ్ళ భాషలో సరిసమానమైనది దొరకదు. చిరాకు పడడం సహజమే. కానీ మొహమాటం లేనిది వాళ్ళకే కాదు, చిప్పుకీ లేదు. పాయింటర్ (మెమరీలో ఎక్కడ రాయాలో చూపే అడ్రసు) ఒక్క బైటు పక్కకి జరిగినా అది అడ్డు చెప్పకుండా రాసేస్తుంది.

అందుకే వాళ్ళు మెమరీలో ప్రతి అడ్రసు దగ్గరా “ఇక్కడ ఎవరు రాయగలరు?” అని అడుగుతారు. “మన ఫంక్షన్ ఒక్కటే” అన్న జవాబు ఎక్కడెక్కడ తప్పుతుందో చూడండి.

ఏటీమెగా328పీ అనే చిన్న కంట్రోలర్ చిప్పులో సెట్టింగులు దాచే ఈఈప్రామ్ (కరెంటు పోయినా చెరగని మెమరీ) 1024 బైట్లు. పొరపాటున రాయకుండా దానికి ఒక తాళం ఉంది: ముందు ఒక బిట్ పెట్టాలి, 4 క్లాక్ సైకిళ్ళలోపు రెండోది పెట్టాలి, లేకపోతే రాత జరగదు. మధ్యలో ఇంటరప్ట్ (నడుస్తున్న కోడ్‌ని ఆపి ముందుకొచ్చే వేరే పని) దూరితే మన సొంత రాతే పోతుంది కాబట్టి ఆ రెండు వరుసల చుట్టూ ఇంటరప్టులు ఆపుతాం. ఇక్కడివరకూ అందరికీ తెలుసు. సరఫరా వోల్టేజి నెమ్మదిగా పడిపోతున్నప్పుడు వచ్చేది అసలు ముప్పు. ప్రాసెసర్ వెంటనే ఆగిపోదు, సూచనలని తప్పుగా నడపవచ్చు. తాళం తీసే కోడ్ మన ప్రోగ్రాంలోనే ఉంది కదా, దారి తప్పిన ప్రోగ్రాం నేరుగా అందులోకే దూకవచ్చు.

దీనికి మందు బ్రౌన్-అవుట్ డిటెక్టర్: వోల్టేజి ఒక మెట్టు కన్నా తగ్గితే ప్రాసెసర్‌ని రీసెట్‌లో పట్టి ఉంచుతుంది. కొత్త చిప్పులో అది ఆపేసి వస్తుంది, ఫ్యూజులనే సెట్టింగు బిట్లతో ఆన్ చేసుకోవాలి. ఉన్న మెట్లు 1.8, 2.7, 4.3 వోల్టులు. 16 మెగాహెర్ట్జ్ మీద నడిపే బోర్డుకి 2.7 పెట్టి ఊరుకోవడం చాలామంది చేసే పొరపాటు, ఎందుకంటే 2.7 వోల్టుల దగ్గర ఈ చిప్పుకి హామీ ఉన్నది 10 మెగాహెర్ట్జ్ వరకే. 5 వోల్టుల సరఫరా అయితే 4.3 పెట్టాలి. అయినా ఒక బైటు రాయడానికి సుమారు 3.3 మిల్లీసెకన్లు పడుతుంది, ఆ మధ్యలోనే కరెంటు పోవచ్చు. కాబట్టి సెట్టింగులకి రెండు కాపీలు ఉంచి, ఒక్కోదానికి వరుస సంఖ్య, సీఆర్‌సీ (డేటా చెడిందో లేదో పట్టిచ్చే సరిచూపు సంఖ్య) జతచేయాలి. ఎప్పుడూ పాత కాపీ మీదే రాయాలి, సీఆర్‌సీని అన్నిటికన్నా చివర రాయాలి. బోర్డు లేచినప్పుడు సీఆర్‌సీ సరిపోయినవాటిలో కొత్తదాన్ని తీసుకోవాలి.

బయట పెట్టే 24ఎల్‌సీ256 లాంటి ఈఈప్రామ్‌లో ఇంకో మాయ ఉంది. దాని పేజీ 64 బైట్లు. పేజీలో 60వ స్థానం నుంచి 10 బైట్లు ఒకేసారి పంపితే 60 నుంచి 63 వరకు నాలుగు సరిగ్గానే పడతాయి. మిగిలిన ఆరు తర్వాతి పేజీలోకి వెళ్ళవు, చుట్టు తిరిగి అదే పేజీ మొదట్లో ఉన్నవాటిని చెరిపేస్తాయి. ఎర్రర్ ఏదీ రాదు. పేజీ అంచు దగ్గర రాతని విడగొట్టి, మొదటి ముక్క పూర్తయ్యాక (గరిష్ఠంగా 5 మిల్లీసెకన్లు) రెండోది పంపాలి. రైట్-ప్రొటెక్ట్ పిన్నుని గ్రౌండుకి కట్టేయకుండా 10 కిలోఓముల రెసిస్టరుతో పైకి లాగి, రాసేటప్పుడు మాత్రమే కంట్రోలర్ పిన్నుతో కిందికి దించండి. రీసెట్‌లో పిన్నులు తేలిపోయినా తాళం పడే ఉంటుంది.

ఎస్‌టీఎం32ఎఫ్4 అనే ఇంకో చిప్పు కుటుంబంలో బూట్‌లోడరుని (బోర్డు లేవగానే ముందు నడిచే ప్రోగ్రాం) ఆప్షన్ బైట్లతో (చిప్పు సెట్టింగులు ఉండే బైట్లు) కాపాడేటప్పుడు ఒక్కటి గుర్తుంటే చాలు: అక్కడ రాత-రక్షణ బిట్లు తలకిందులు, సున్నా అంటేనే తాళం. పక్కనే ఉన్న చదువు-రక్షణ రెండో స్థాయి జోలికి వెళ్ళకండి, అది పడిందంటే ఆ చిప్పులో వెనక్కి దారి లేదు.

ర్యామ్ సంగతికి వస్తే, ఇక్కడివాళ్ళు గర్వంగా చూపించేది కార్టెక్స్-ఎం4 ప్రాసెసర్లో ఉండే ఎంపీయూ, అంటే మెమరీలో ఏ ప్రాంతాన్ని ముట్టవచ్చో చూసే కాపలా. సాధారణంగా ఎనిమిది ప్రాంతాలు. ఒక్కోటి కనీసం 32 బైట్లు, పరిమాణం 2 యొక్క ఘాతమే (32, 64, 128 ఇలా) కావాలి, మొదలయ్యే అడ్రసు ఆ పరిమాణానికి సరిగ్గా భాగించబడాలి. స్టాక్ (ఫంక్షన్లు తమ లోకల్ విలువలు పెట్టుకునే చోటు) అడుగున ఒక ‘ముట్టరాని’ ముక్క పెడితే పొంగినప్పుడు ఫాల్ట్ వస్తుంది. ప్రాంతాలు ఒకదాని మీద ఒకటి పడితే పెద్ద సంఖ్య ఉన్నదే నెగ్గుతుంది కాబట్టి కాపలా ముక్కకి 7వ ప్రాంతం ఇవ్వాలి. 32 బైట్ల కాపలా చాలదు: 200 బైట్ల లోకల్ అర్రే ఉన్న ఫంక్షన్ దాన్ని తాకకుండానే దాటేసి అవతల రాయగలదు. 256 పెట్టండి. టాస్కుల స్టాకు, ఫాల్ట్ హ్యాండ్లర్ స్టాకు వేరుగా ఉండాలి, లేకపోతే పొంగిన స్టాక్ మీదే హ్యాండ్లర్ కూడా నిలబడాలి.

ఇంత కట్టుదిట్టంగా మనల్ని నిలదీసేవాళ్ళు కూడా తరచుగా మర్చిపోయేది డీఎంఏని, అంటే ప్రాసెసర్ ప్రమేయం లేకుండా మెమరీలోకి డేటా చేరవేసే భాగాన్ని. (ఇది ఉక్రోషంతో అంటున్న మాట కాదు. కొంచెం ఉందనుకోండి.) కార్టెక్స్-ఎంలో ఎంపీయూ కాపలా కాసేది ప్రాసెసర్ రాతలకే, డీఎంఏ దాని ముందునుంచి వెళ్ళదు. డీబగ్గర్‌లో పెట్టే డేటా వాచ్‌పాయింట్‌కీ (ఒక అడ్రసులో రాత జరగగానే ప్రోగ్రాంని ఆపేది) అది కనబడదు. 64 బైట్ల బఫర్ ఇచ్చి, ఒక్కో రాత వెడల్పు 16 బిట్లుగా పెట్టి, లెక్కలో 64 అని వేస్తే అది రాసేది 128 బైట్లు. ఆ లెక్క బైట్లది కాదు, రాతలది. పక్కనున్న 64 బైట్లు ఎవరివైనా సరే, పోయినట్టే. బఫర్ పరిమాణాన్ని వెడల్పుతో భాగించి లెక్కని కంపైలర్ చేతే కట్టించండి. డీఎంఏ బఫర్లన్నిటినీ లింకర్ స్క్రిప్టులో (ఏది ఏ అడ్రసులో ఉండాలో చెప్పే ఫైలు) వేరే సెక్షన్లో పెట్టండి. ఒక్కో బఫర్ తర్వాత తెలిసిన విలువతో ఒక కాపలా పదం ఉంచి, టైమర్ టిక్‌లో దాన్ని సరిచూడండి. అది చెడితే అదుపు తప్పింది ఏ ఛానెలో ఇట్టే తెలుస్తుంది.

వాళ్ళ కోడ్ రివ్యూకి వచ్చినప్పుడు ‘ఎవరు రాయగలరు?’ అన్న జాబితాలో డీఎంఏ ఛానెళ్ళు లేకపోతే మనం కూడా అడగవచ్చు, పలకరింపు లేకుండానే.