కంపచెట్ల రుచి: టూసాన్‌లో నాలుగు రోజుల తిండి

టూసాన్‌లో దిగిన సాయంత్రం మా పిన్ని కొడుకు నన్ను నేరుగా గదికి తీసుకెళ్లకుండా, ఊరికి దక్షిణాన ఉన్న పన్నెండో అవెన్యూ వైపు కారు మళ్లించాడు. అద్దం దించగానే ముక్కుకు తగిలిన పొగ వాసన నాకు కొత్తది కాదు. అనంతపురం జిల్లాలోని మా ఊరి పొయ్యిల్లో నా చిన్నతనమంతా కాలింది సర్కారు తుమ్మ. ఇక్కడ పెనాల కింద కణకణలాడుతున్నది దానికి దాయాది వరసయ్యే చెట్టు, మెస్కీట్. "మనూర్లో పొలాలను పాడుచేస్తుందని తిడతారే అన్నా, ఆ జాతి కంపే ఇది. ఇక్కడ దీని బొగ్గు సంచుల్లో కట్టి అమ్ముతారు" అని వాడు నవ్వాడు. వాడు అరిజోనా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నాడు కాబట్టి, ఏ వీధిలో ఏది తినాలో వాడికి కంఠతా వచ్చు.

టూసాన్ అరిజోనా రాష్ట్రంలో, సొనోరా ఎడారి నడుమ, మెక్సికో సరిహద్దుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1854లో అమెరికా డబ్బిచ్చి కొనుక్కున్న నేలలో ఇదీ ఒక భాగం. అంతకుముందు అది మెక్సికో ఊరే కావడం వల్ల, ఇక్కడి వంట నేటికీ సరిహద్దు అవతలి సొనోరా రాష్ట్రపు వంటతో పొత్తు వదలలేదు. ఏడాది పొడవునా పడే వాన 300 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కరువుకు మారుపేరుగా చెప్పుకునే మా అనంతపురంలో 550 దాకా పడుతుంది. అయినా ఇక్కడి సాంటా క్రూజ్ నది ఒడ్డున 4,000 ఏళ్ల కిందటే మొక్కజొన్న పండించిన ఆనవాళ్లు తవ్వకాల్లో దొరికాయి. 2015లో యునెస్కో ఈ ఊరిని పాకకళా నగరంగా గుర్తించింది. అమెరికాలో ఆ గుర్తింపు మొదట దక్కింది ఈ ఊరికే. ఆ బిరుదు విని తెల్లటి గుడ్డలు పరిచిన బల్లలను ఊహించుకుంటూ వెళ్లేవారికి కొంత నిరాశ తప్పదు. నాకు నచ్చినవన్నీ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునో, పందిరి కింద నిలబడో తిన్నవే.

మొదటి మజిలీ ఎల్ గ్వేరో కనేలో. 1993లో చిన్న బండిగా మొదలైన ఈ దుకాణానికి 2018లో జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ వారి పురస్కారం, అమెరికాలో వంటవాళ్లకూ హోటళ్లకూ ఇచ్చే పేరున్న బహుమతి, దక్కింది. ఇక్కడ అందరూ తినేది సొనోరా హాట్‌డాగ్. సాసేజ్‌కు బేకన్ చుట్టి, కొవ్వు కరిగి అంచులు కరకరలాడేదాకా కాల్చి, రెండు కొసలూ మూసి ఉండి నడిమి మాత్రమే చీల్చిన మెత్తటి బన్నులో పడవలో పెట్టినట్టు పెట్టి, దాని మీద ఉడికించిన పింటో చిక్కుడు గింజలు, ఉల్లి, టమాటా, మయొనైజ్, ఆవపొడి ముద్ద, మిరపకాయ సాసు వేసి ఇస్తారు. నేను బీఫ్ తినను. ఈ ఊర్లో ఆ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే సొనోరా పశువుల మందల దేశం, వాళ్ల వంటకు ఆయువుపట్టు గొడ్డుమాంసమే. తమ్ముడు తన పడవను రెండు నిమిషాల్లో ముంచేశాడు. నేను బొగ్గుల మీద కాల్చిన కోడిమాంసాన్ని రొట్టెలో చుట్టి ఇచ్చే టాకోలు రెండు తిని, వాడి పళ్లెం పక్కన పెట్టిన పసుప్పచ్చ మిరపకాయను లాక్కున్నాను. తొక్క అక్కడక్కడా నల్లగా బొబ్బలెక్కి, లోపల మెత్తగా, ఉప్పగా, పొగవాసనతో ఉన్న ఆ కాయను కొరికినప్పుడు, శనగపిండి తొడగని బజ్జీ మిరపకాయను తింటున్నట్టే అనిపించింది.

టాకో చుట్టిన రొట్టె సంగతి కూడా చెప్పాలి. మెక్సికో అనగానే మనకు మొక్కజొన్న రొట్టె గుర్తుకొస్తుంది గాని, సొనోరా వాళ్లది గోధుమ రొట్టె. పదిహేడో శతాబ్దం చివర్లో కీనో అనే క్రైస్తవ మతగురువు ఈ ప్రాంతానికి గోధుమలనూ పశువులనూ తెచ్చాడు. మొక్కజొన్న పండని చలికాలంలో గోధుమ పండడంతో స్థానికులు దాన్ని త్వరగానే తమ పంటగా చేసుకున్నారు. చేత్తో సాగదీసి, మోచేయి దాటేంత వెడల్పు చేసిన ఆ రొట్టెను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అవతలి మనిషి నీడ కనిపిస్తుంది. మన రుమాలీ రొట్టె కంటే పలుచన. అదే తెల్ల సొనోరా గోధుమతో రొట్టెలు కాల్చే బారియో బ్రెడ్‌కు కూడా వెళ్లాం. దాని యజమాని డాన్ గెర్రాకు 2022లో దేశంలోనే ఉత్తమ బేకరుగా జేమ్స్ బియర్డ్ పురస్కారం వచ్చింది. రొట్టె బాగుంది. అయితే పుల్లటి పిండి రొట్టెల మీద నాకు అంత మోజు లేదు కాబట్టి, దాన్ని పొగిడే పని వేరేవాళ్లకు వదిలేస్తున్నాను.

మరునాడు ఊరి నడిబొడ్డున ఉన్న ఎల్ చారోకు వెళ్లాం. 1922లో మోనికా ఫ్లిన్ అనే ఆవిడ మొదలుపెట్టిన హోటల్ ఇది. వేడి నూనెలో పొరపాటున రొట్టె చుట్ట జారిపడినప్పుడు, పక్కనే పిల్లలుండడంతో నోటిదాకా వచ్చిన బూతును మార్చి ఆవిడ అన్న మాటే చిమిచాంగా అనే వంటకానికి పేరైందని కథ. ఆ వంటకం తమదేనని చెప్పుకునే హోటళ్లు ఈ రాష్ట్రంలో ఇంకా ఉన్నాయి. నన్ను ఆకట్టుకున్నది కథ కాదు, కప్పు మీద ఉన్న పంజరం. నిమ్మరసం, వెల్లుల్లి పట్టించిన మాంసపు పేలికలను ఆ జల్లెడ పంజరంలో ఎండకు వేలాడదీస్తారు. మాంసం ఏదైనా పద్ధతి మనదే. పండక్కి కోసిన పొట్టేలు మాంసంలో మిగిలినదానికి ఉప్పు, పసుపు పట్టించి, దండెం మీద దారానికి గుచ్చి ఒరుగులు చేసే మా అవ్వ, కాకుల కోసం కర్ర పట్టుకుని కూర్చునేది. ఇక్కడ కర్రకు బదులు పంజరం కట్టుకున్నారు.

అదే రోజు రాత్రి ఇంకో హోటల్లో, పేరు అనవసరం, ఒక చిన్న పొరపాటు జరిగింది. తమ్ముడి గదిలో ఉండే కడప అబ్బాయి శాకాహారి. అన్నం, రుబ్బిన చిక్కుడు గింజలు, రొట్టె తెప్పించుకుని సగం తిన్నాక, ఆ గింజల్లోని కమ్మదనం ఎక్కడిదని అడిగితే, వడ్డించే అమ్మాయి దాపరికం లేకుండా పంది కొవ్వు అని చెప్పింది. మాంసం లేదు కాబట్టి శాకాహారమేనని వాళ్ల లెక్క. పాపం, ఆ అబ్బాయి ఆ రాత్రి మజ్జిగతో సరిపెట్టుకున్నాడు. స్పానిష్‌లో ఆ కొవ్వును మంతేకా అంటారు. శాకాహారులు వెళ్తే ఈ ఒక్క మాట నేర్చుకుని, గింజల గురించీ గోధుమ రొట్టె గురించీ విడివిడిగా అడగడం మంచిది.

శనివారం ఉదయం సెంటినెల్ కొండ పాదాన ఉన్న మిషన్ గార్డెన్‌కు వెళ్లాం. మట్టి ఇటుకల ప్రహరీ నడుమ నాలుగెకరాల తోట. ఈ నేల మీద ఎవరెవరు ఏమేమి పండించుకున్నారో, తరం వెంబడి తరంగా మళ్లీ నాటి చూపిస్తున్నారు. దానిమ్మ, అంజూర చెట్లు దాటి ముందుకు వెళ్తే నాగజెముడు వరుస. మా ఊర్లో చేను గట్టున మేకలు దూరకుండా ఉంటుందే, ఆ జాతే. ఇక్కడ వసంతంలో వచ్చే లేత మట్టలను ముళ్లు గీసి, ముక్కలు కోసి, ఉల్లిపాయతో వేయిస్తారు. బెండకాయ జిగురు, చింతచిగురు పులుపు కలిసిన రుచి. పండ్ల రసమైతే గాఢమైన గులాబీ రంగులో, నిమ్మరసంతో కలిపి ఊరంతా దొరుకుతుంది. ఆ పండ్లు తిని నాలుక ఎర్రగా చేసుకుని, చేతికి గుచ్చుకున్న సన్నటి నూగుముళ్లను అమ్మకు కనబడకుండా తలకు రుద్దుకునే మా బాల్యంలో, మట్ట కూడా కూరకు పనికొస్తుందని చెప్పినవాళ్లు లేరు.

తోటలో పనిచేసే ఒక పెద్దావిడ మమ్మల్ని ఒక పొద దగ్గరికి పిలిచి, జేబులోని డబ్బీ నుంచి మిరియం గింజంత ఎండు పండొకటి నా అరచేతిలో పెట్టింది. చిల్టెపీన్. ఎవరూ నాటకుండా, పక్షులు తిని రాల్చిన గింజలతో కొండవాలుల్లో పెద్ద చెట్ల నీడన మొలిచే అడవి మిరప. గుంటూరు మిర్చి ఏ జాతిదో, ఇదీ ఆ జాతిదే, కాకపోతే మనిషి చేయి పడకముందు ఉన్న రూపం. మిరపకాయ మన దేశానికి పోర్చుగీసుల ఓడల్లో వచ్చిందని చదువుకున్నాను గాని, దాని ముత్తవ్వను ఇలా అరచేతిలో చూస్తాననుకోలేదు. రాయలసీమవాణ్ణి కదా అనే ధీమాతో పంటి కింద వేసి చితక్కొట్టాను. చెవుల దాకా మంట కొట్టింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్ల సీసా మూత తీసేలోపు, ఎవరో దీపం ఆర్పినట్టు ఆ మంట పోయి, నాలుక మీద పొగలాంటి చిన్న కమ్మదనం మిగిలింది. మన ఎండుమిర్చి కారం అలా సెలవు తీసుకోదు, పూటంతా వెంట ఉంటుంది.

ఆదివారం శాన్ హవియర్‌కు వెళ్లాం. ఊరికి దక్షిణాన తోహోనో ఓథమ్ ఆదివాసుల నేల మీద, 1783 నుంచి 1797 దాకా కట్టిన తెల్లటి చర్చి అది. దాని ఎదుట పందిళ్ల కింద ఆడవాళ్లు మెస్కీట్ కట్టెల పొయ్యిల మీద ఫ్రైబ్రెడ్ కాలుస్తుంటారు. పిండి ముద్దను రెండు చేతుల మధ్య తట్టి తట్టి, కంచమంత చేసి నూనెలో వేస్తే, మన పూరీ అన్నయ్యలా ఉబ్బి తేలుతుంది. తేనె పోసుకుని ఒకటి, చిక్కుడు గింజలతో ఒకటి తిన్నాను. రుచికి వంక పెట్టలేను. కాని ఇది వాళ్ల తాతముత్తాతల తిండి కాదు. సొంత నేలల నుంచి తరిమేసిన ఆదివాసులకు ప్రభుత్వం రేషన్‌గా ఇచ్చిన మైదా, కొవ్వుల నుంచి పుట్టిన రొట్టె ఇది. ఎడారి పంటలు పోయి ఆ రేషన్ తిండి వచ్చాక ఇక్కడి ఆదివాసుల్లో చక్కెర వ్యాధి ఘోరంగా పెరిగింది.

పాత తిండి చూడాలంటే అక్కడికి దగ్గర్లోనే ఉన్న వాళ్ల సహకార వ్యవసాయ సంఘం దుకాణానికి వెళ్లాలి. మెస్కీట్ కాయల పిండి అక్కడ పొట్లాల్లో ఉంది. వేలితో అద్దుకుని నాకితే బెల్లం పొడిలో కాస్త కాఫీ వాసన కలిసినట్టుంది. మా ఊర్లో గొర్రెలు మాత్రమే మెచ్చుకునే కాయల చుట్టమిది. చోయా అనే ముళ్ల మొక్క మొగ్గలను ఏప్రిల్‌లో పట్టకార్లతో తుంచి, ముళ్లు రాల్చి, ఉడికించి ఎండబెడతారు. చూడ్డానికి ఎండు వాక్కాయల్లా ముడుచుకుని ఉన్నాయి. సవారో అనే, స్తంభంలా ఎత్తుగా పెరిగే ముళ్ల జెముడు పండ్ల పాకం వేలెడంత సీసా ధర చూసి మొదట వెనక్కి పెట్టేశాను. వానలకు ముందు, జూన్ ఎండల్లో, ఎండిపోయిన సవారోల ఈనెలనే పొడవాటి గడలుగా కట్టి, రెండు మూడు నిలువుల ఎత్తు నుంచి ఆ పండ్లను రాలుస్తారని తమ్ముడు చెప్పాక, మళ్లీ తీసి బుట్టలో వేశాను.

చివరగా కొన్నది టెపరీ చిక్కుడు గింజలు. ఒకటి రెండు వానలు పడితే చాలు, రెండు మూడు నెలల్లో కాపు చేతికిచ్చే పంట. తెల్లవి, గోధుమరంగువి రెండు రకాలున్నాయి. గింజ చిన్నది, బల్లపరుపుగా, ఉలవకు అన్నలా ఉంటుంది. దారిలో ఒక చోట హమైకా తాగాం. ఎర్ర గోంగూర పువ్వు కింద ఉండే పుల్లటి ఎర్ర తొడుగులను నానబెట్టి, చక్కెర వేసి చల్లగా ఇస్తారు. మనం ఆకు దగ్గరే ఆగిపోయాం, వాళ్లు పువ్వు తొడుగు దాకా వెళ్లారు. పక్కనే చింతపండు పానకం కూడా ఉంది గాని, అంత దూరం వెళ్లి చింతపండు తాగడానికి నాకు మనసొప్పలేదు.

ఆ గింజలను రాత్రి నానబెట్టి, సోమవారం సాయంత్రం తమ్ముడి గదిలో కుక్కరెక్కించాం. ఆరు కూతలకు మూత తీస్తే పళ్లకు గట్టిగా తగిలాయి. "ఇవి ఉలవలకు తాతలు అన్నా, ఇంకో ఆరు పెట్టు" అన్నాడు తమ్ముడు. పన్నెండు కూతల తర్వాత కట్టును వంచి, చిక్కబడేదాకా మరిగించి, ఇంటి నుంచి తెచ్చిన చింతపండు పులుసు పోసి, ఆవాలు, వెల్లుల్లి, నలిపిన చిల్టెపీన్ మూడు గింజలు తాలింపు పెట్టాం. ఈసారి పంది కొవ్వు లేదని తన కళ్లతో చూసుకున్న కడప అబ్బాయి, గింజలన్నీ తానే గిన్నెలోకి తోడుకుని, మాకు కట్టు మాత్రం మిగిల్చాడు.