పన్ను చట్టంలో అయిదు దీవులు: ఈఏ పార్ట్ 1 రెండోసారి రాసినప్పుడు నేర్చుకున్నది

ఈఏ (ఎన్‌రోల్డ్ ఏజెంట్) పరీక్ష పార్ట్ 1 మొదటిసారి తప్పాను. పాసైనవాళ్లకు పాసయ్యారన్న ఒక్క మాటే తెర మీద కనిపిస్తుంది, మార్కులు చూపించరు. తప్పినవాళ్లకు మాత్రం అంకెతో సహా చూపిస్తారు. నాకు 98 చూపించారు. కావలసింది 105. హైదరాబాద్ సెంటర్ బయట మెట్ల మీద కూర్చుని ఆ కాగితాన్ని మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాను. వాచ్‌మన్ వచ్చి మంచినీళ్లు కావాలా అని అడిగాడు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం రెండు మాటలు. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ముందు పన్ను చెల్లింపుదారుల తరఫున మాట్లాడే అర్హత ఇచ్చే పరీక్ష ఇది. మూడు పార్టులు. ఒక్కో పార్టులో వంద ప్రశ్నలు, మూడున్నర గంటలు. 85 ప్రశ్నలకే మార్కులుంటాయి. మిగతా 15 ప్రయోగానికి పెట్టినవి, అవి ఏవో మనకు తెలియదు. ఏ ప్రశ్నలు వచ్చాయని మాత్రం నన్ను అడగవద్దు. బయట చెప్పనని ఒప్పుకున్నాకే లోపల కంప్యూటర్ ముందు కూర్చోనిస్తారు.

నేను రాయదలచుకున్నది అందరూ దాటేసే ఒక పాఠం గురించి. ప్యూర్టోరికో, గువామ్, వర్జిన్ ఐలాండ్స్, ఉత్తర మరియానా దీవులు, అమెరికన్ సమోవా. అమెరికా జెండా ఎగిరే దీవులే, కానీ అమెరికా రాష్ట్రాలు కావు. నా నోట్సులో వీటికి దక్కింది పేజీన్నర. దీవుల కోసం దీవులు చదవమని నేను చెప్పను, ఆ మార్కులు లెక్కపెట్టుకుంటే పెద్దగా ఏమీ ఉండవు. కానీ నివాసం, ఆదాయం పుట్టిన చోటు, విదేశీ పన్ను క్రెడిట్ (బయట కట్టిన పన్నును అమెరికా పన్నులో తగ్గించుకోవడం), రిటర్ను ఎవరికి వేయాలి అన్న నాలుగు ముడులూ ఈ పాఠంలో ఒకేచోట పడతాయి. ఇక్కడ తడబడ్డవాడు మిగతా చోట్లా తడబడతాడని నా మాక్ టెస్టులే చెప్పాయి.

మొదటిసారి నేను చేసిన తప్పు పట్టిక గీసుకోవడం. ఒకవైపు సెక్షన్లు: 931, 932, 933, 935, 937. మరోవైపు ఫారాలు: 4563, 5074, 8689, 8898. ఫోన్ నంబర్లలా బట్టీపట్టాను. మాక్ టెస్టులో ప్రశ్న కాస్త తిప్పి అడిగితే గువామ్ ఫారం సమోవాకు, సమోవా సెక్షన్ ప్యూర్టోరికోకు అంటగట్టి వచ్చేదాన్ని.

ఒకరోజు అమ్మ ఫోన్ చేసి, “ఇంకా ఆ దీవుల దగ్గరే ఉన్నావా? అవేమైనా మన లంకలా ఏమిటే?” అంది. మాది గోదావరి లంక ఊరు. మండలాఫీసు పని ఉంటే పంటు ఎక్కి అవతలి ఒడ్డుకు వెళ్లవలసిందే. వరదకు ఒక లంక కోతపడుతుంది, ఇంకోచోట మేట వేస్తుంది. నేల ఇక్కడ, దాని లెక్క అవతల. ఫలానా లంకకు శిస్తు ఎంత అని అడిగితే తాతయ్య అంకె చెప్పేవారు కాదు. అది ఎప్పుడు తేలింది, ఎవరు సాగులోకి తెచ్చారు, ఏ కాగితం మీద ఎక్కింది అంటూ మొదలుపెట్టేవారు. ఆ కథ అయ్యేసరికి శిస్తు ఎందుకు అంతో మనకే తెలిసేది.

ఆ రాత్రి పట్టిక చింపేసి, పాత క్యాలెండర్ వెనక తెల్లవైపున అయిదు దీవులు గీశాను. ఒక్కోదాని కింద అది అమెరికా చేతికి ఎప్పుడు, ఎలా వచ్చిందో రాశాను. సెక్షన్ నంబర్లు చివర్లో, పెన్సిలుతో.

ప్యూర్టోరికో నుంచి మొదలుపెట్టండి. 1898లో స్పెయిన్‌తో యుద్ధం ముగిశాక పారిస్ ఒప్పందంతో ప్యూర్టోరికో, గువామ్ రెండూ అమెరికాకు వచ్చాయి. 1900లో ఫోరేకర్ చట్టం ప్యూర్టోరికోకు పౌర ప్రభుత్వాన్ని ఇచ్చింది. అమెరికా చట్టాలు ఇక్కడా చెల్లుతాయి, అంతర్గత రెవెన్యూ చట్టాలు తప్ప అని అందులోనే రాశారు. మనం చదివే సెక్షన్ 933కు వేరు ఆ “తప్ప” దగ్గర ఉంది. ఏడాది పొడవునా అక్కడి నిజమైన నివాసి (బోనాఫైడ్ రెసిడెంట్, ఎవరన్నది కింద 937 దగ్గర చెబుతాను) అయితే, ప్యూర్టోరికోలో పుట్టిన ఆదాయం మీద ఫెడరల్ ఆదాయపన్ను లేదు. ఆ ఆదాయానికి అక్కడి ప్రభుత్వానికి తన సొంత పన్ను చట్టం ఉంది.

ఆ ఏడాది న్యూయార్క్ రేవులో ఒక వ్యాపారి ప్యూర్టోరికో నుంచి నారింజపళ్లు దించాడు. సుంకం 659 డాలర్ల 35 సెంట్లు. దీవి అమెరికాదే అయినప్పుడు పళ్లకు సుంకమేమిటని కోర్టుకెక్కాడు. 1901లో డౌన్స్ వర్సెస్ బిడ్వెల్ కేసులో సుప్రీంకోర్టు 5–4 తేడాతో అతని మీద తీర్పు చెప్పింది. రాష్ట్రాలన్నిటా సుంకాలు ఒకేలా ఉండాలన్న రాజ్యాంగ నియమం ఈ దీవికి వర్తించదంది. లోకం దృష్టిలో ఈ దీవి అమెరికాకు పరాయిది కాదు, ఇంటి లెక్కలో మాత్రం పరాయిదే అన్న వాదం అక్కడ పుట్టింది. ఆ వరుసలో వచ్చిన తీర్పులనే ఇన్సులర్ కేసులు అంటారు. ఇది పార్ట్ 1 సిలబస్‌లో లేదు. అయినా ఈ నారింజపళ్ల గంప గుర్తున్నప్పటి నుంచి నాకు 933 మరిచిపోవడం కుదరలేదు.

ఇది పాతకథ అనుకోకండి. న్యూయార్క్‌లో ఉండగా వైకల్య భృతి అందుకున్న ఒకాయన 2013లో ప్యూర్టోరికోకు మారాడు. అక్కడివారికి ఆ పథకం లేదు కాబట్టి తీసుకున్న సొమ్ము తిరిగి కట్టమంది ప్రభుత్వం. 2022లో సుప్రీంకోర్టు 8–1 తేడాతో ప్రభుత్వం పక్షాన నిలిచింది. దీవివాసులు చాలా ఫెడరల్ పన్నులు కట్టరు కాబట్టి పథకాల్లో తేడా చూపవచ్చంది. మినహాయింపు ఊరికే రాదు, దాని ఖరీదు ఇంకోచోట వసూలవుతుంది.

933లో మూడు గోతులున్నాయి. ఒకటి, ఫెడరల్ ప్రభుత్వోద్యోగి జీతానికి ఈ మినహాయింపు లేదు. ప్యూర్టోరికో రాజధాని సాన్‌హ్వాన్‌లో పోస్టాఫీసు గుమాస్తా జీతం మీద ఫెడరల్ పన్ను ఉంటుంది, పక్క దుకాణం గుమాస్తాకు ఉండదు. రెండు, మినహాయింపు ఆదాయపన్నుకే. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు దీవుల్లోనూ కట్టాలి. సొంత వ్యాపారంలో నికరంగా 400 డాలర్లు లేదా ఆపైన వస్తే స్వయం ఉపాధి పన్ను పడుతుంది, ఫారం 1040-ఎస్‌ఎస్ ఉన్నది అందుకే. మూడో గోతిలో నేనే పడ్డాను. గత పన్నుల సీజనులో ఆఫీసులో నా బల్ల మీదకు ఒక ఫార్మసిస్టు ఫైలు వచ్చింది. ఎన్నో ఏళ్లు ప్యూర్టోరికోలో ఉండి జూలైలో ఫ్లోరిడాకు మారాడు. ఏడాది పొడవునా అక్కడ లేడు కదా అని మొత్తం ఆదాయాన్నీ పన్నులోకి లాగేశాను. రివ్యూలో ఎర్ర అక్షరాలతో ఒక్క వాక్యం వచ్చింది: “933లో రెండో ముక్క చదివారా?” చదవలేదు. మారడానికి ముందు కనీసం రెండేళ్లు అక్కడ నిజమైన నివాసిగా ఉన్న పౌరుడికి, మారే నాటి వరకు వచ్చిన ప్యూర్టోరికో ఆదాయం మీద మినహాయింపు ఉంటుంది.

గువామ్ కథ వేరు. అర్ధశతాబ్దం దాన్ని దాదాపుగా నౌకాదళమే పాలించింది. 1950లో ఆర్గానిక్ చట్టం వచ్చి పౌరసత్వం, పౌర ప్రభుత్వం ఇచ్చింది. పన్నుకు కొత్త చట్టం రాయలేదు. అమెరికా ఆదాయపన్ను చట్టాన్నే తీసుకుని, అవసరమైన చోటల్లా “యునైటెడ్ స్టేట్స్” అన్న మాట బదులు “గువామ్” అని చదువుకోమన్నారు. అదే అద్దం పద్ధతి, మిర్రర్ కోడ్. వసూలైన పన్ను గువామ్ ఖజానాకే. 1917లో డెన్మార్క్ నుంచి 2.5 కోట్ల డాలర్లకు కొన్న వర్జిన్ ఐలాండ్స్‌కు ఈ అద్దం 1921లోనే పెట్టారు. ఐక్యరాజ్యసమితి ధర్మకర్తృత్వం కింద ఉండి, 1976లో ఆమోదం పొందిన ఒడంబడికతో చేరిన ఉత్తర మరియానా దీవులకూ ఇదే అద్దం.

గువామ్‌కూ ఉత్తర మరియానాకూ సెక్షన్ 935. ఒకటే రిటర్ను. ఏడాది పొడవునా గువామ్ నివాసి అయితే ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా చూపి గువామ్‌కే వేయాలి. కాకపోతే గువామ్ ఆదాయంతో సహా ఐఆర్‌ఎస్‌కే వేయాలి. అప్పుడు దీవి వాటా ఎంతో రెండు ప్రభుత్వాలూ తేల్చుకోవడానికి ఫారం 5074 జతచేస్తాం, అదీ సర్దుబాటు ఆదాయం (కొన్ని తగ్గింపులు పోగా మిగిలేది, ఏజీఐ) కనీసం 50,000 డాలర్లు, దీవి ఆదాయం కనీసం 5,000 డాలర్లు ఉంటేనే. ఇంకో తమాషా ఉంది. ఈ 935ను 1986 చట్టం రద్దు చేసింది. ఆ రద్దు దీవులతో ఒప్పందం అమలైతేనే చెల్లుతుందన్నారు. ఈ రెండు దీవులతో ఒప్పందం అమలు కాలేదు, రద్దయిన సెక్షన్ మీద ఇవాళ్టికీ రిటర్నులు పడుతూనే ఉన్నాయి.

సెక్షన్ 931 పుస్తకంలో గువామ్, ఉత్తర మరియానా, అమెరికన్ సమోవా మూడింటి పేర్లూ చెబుతుంది. అమల్లో ఉన్నది సమోవాకే, అలాంటి ఒప్పందం అమలైంది దానితోనే కాబట్టి. కాబట్టి ఫారం 4563 అంటే సమోవా, ఇంకేమీ కాదు. సమోవాను ఎవరూ కొనలేదు, యుద్ధంలోనూ గెలవలేదు. 1900లో టుటుయిలా, 1904లో మనువా దీవుల నాయకులు అప్పగింత పత్రాలు రాసి ఇచ్చారు, తమ భూముల మీద హక్కులు కాపాడాలన్న షరతుతో. నేలలో ఎక్కువ భాగం ఇప్పటికీ కుటుంబాల ఉమ్మడిదే. అక్కడ పుట్టినవారు అమెరికా జాతీయులు, పుట్టుకతో పౌరులు కారు. పౌరుడు, జాతీయుడు అన్న ఈ తేడా దీవుల పాఠం బయట కూడా పనికొస్తుంది.

వర్జిన్ ఐలాండ్స్‌ది సెక్షన్ 932. అక్కడి నివాసి అక్కడే వేస్తాడు. బయట ఉంటూ అక్కడ ఆదాయమున్న పౌరుడు రెండు చోట్లా వేయాలి. దీవి వాటా లెక్క ఫారం 8689లో. మొత్తం సర్దుబాటు ఆదాయం 80,000, అందులో దీవి ఆదాయం 20,000, మొత్తం పన్ను 8,000 అనుకోండి. నాలుగో వంతు ఆదాయానికి నాలుగో వంతు పన్ను, 2,000 డాలర్లు దీవికి. కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు, భయపడి వదిలేయకండి.

ఇక 937. దీవి నివాసినని చెప్పుకుంటూ అసలు బతుకు మాత్రం అమెరికాలో సాగించే పెద్దమనుషులు వర్జిన్ ఐలాండ్స్ పన్ను రాయితీలను వాడేసుకోవడంతో 2004లో కాంగ్రెస్ దీన్ని తెచ్చింది. ఒకరు నిజమైన నివాసి కావడానికి మూడు పరీక్షలు నెగ్గాలి: అక్కడ ఉండటం, పని కేంద్రం వేరేచోట లేకపోవడం, ఇంకో దేశంతోగానీ అమెరికాతోగానీ అంతకన్నా దగ్గరి బంధం లేకపోవడం. మొదటిదానికి అయిదు దారులున్నాయి, ఒక్కటి నెగ్గితే చాలు. 183 రోజులు దీవిలో ఉండటం. లేదా మూడేళ్లలో 549 రోజులు, ఏ ఏడూ 60కి తగ్గకుండా. లేదా అమెరికాలో 90 రోజులకు మించకపోవడం. లేదా అమెరికాలో సంపాదన 3,000 డాలర్లు దాటకుండా, అక్కడికంటే దీవిలో ఎక్కువ రోజులు గడపడం. లేదా అమెరికాతో చెప్పుకోదగ్గ సంబంధమే లేకపోవడం. ఒకేరోజు రెండు చోట్లా ఉంటే ఆ రోజు దీవి లెక్కలోకే వస్తుంది. ఇలా నివాసం మారినప్పుడు ప్రపంచవ్యాప్త ఆదాయం 75,000 డాలర్లు దాటితే ఫారం 8898 వేయాలి. వేయకపోతే 1,000 డాలర్ల జరిమానా.

నన్ను ఎక్కువగా ఏడిపించింది దీవులు విదేశమా కాదా అన్న ప్రశ్న. దీనికి ఒక్క జవాబు లేదు. విదేశీ సంపాదన మినహాయింపుకు ఇవి విదేశం కావు. గువామ్‌లో పనిచేసి సెక్షన్ 911 అడిగితే కుదరదు. విదేశీ పన్ను క్రెడిట్ దగ్గర మాత్రం ప్యూర్టోరికోకు కట్టిన పన్నును విదేశీ పన్నులాగే చూస్తారు. విదేశీ బ్యాంకు ఖాతాల నివేదిక ఎఫ్‌బార్‌కు వస్తే మళ్లీ విదేశం కాదు, సాన్‌హ్వాన్ బ్యాంకు ఖాతా చూపనక్కర్లేదు. ఈ మూడింటినీ క్యాలెండర్ మీద ఎర్రసిరాతో రాసి తలుపు వెనక అంటించాను.

గ్రూప్స్ చదివి ఇటు వచ్చిన మిత్రులు ఒక జాగ్రత్త తీసుకోవాలి. అండమాన్, లక్షద్వీప్‌లకు 240వ అధికరణం కింద రాష్ట్రపతి నిబంధనలు చేయవచ్చని మనకు నోటికి వచ్చు. అయినా ఆదాయపన్ను చట్టం దేశమంతటికీ ఒకటే, అండమాన్‌లో ఉన్న మనవాళ్లు ఇక్కడిలాగే రిటర్ను వేస్తారు. ఆ అలవాటుతో అమెరికా దీవులనూ ఒకే గాటన కట్టేస్తాం. అక్కడ దీవుల మీద అధికారం రాజ్యాంగం నాలుగో అధికరణం ద్వారా కాంగ్రెస్‌ది. కాంగ్రెస్ ఒక్కో దీవికి ఒక్కో కాలంలో ఒక్కో ఏర్పాటు చేసింది.

రెండోసారి చదివినప్పుడు దీవులకు నేను ఇచ్చింది మొత్తం మూడు సాయంత్రాలు. రెండు కథలకు, ఒకటి ఐఆర్‌ఎస్ ప్రచురణ 570లోని ఉదాహరణలు చేతితో చేయడానికి. అది ఉచితంగా దొరుకుతుంది, ఇంకే పుస్తకమూ కొనలేదు. ఆ సాయంత్రాలు దీవులకంటే నివాసం, క్రెడిట్ పాఠాల్లోనే ఎక్కువ పనికొచ్చాయి. ఈసారి తెర మీద అంకె కనిపించలేదు.

చదివేముందు సంవత్సరం చూసుకోండి. మే నుంచి ఫిబ్రవరి వరకు జరిగే పరీక్షకు అంతకుముందు డిసెంబరు 31 నాటి చట్టమే లెక్క. పాత నోట్సులో ఫారం 1040-పీఆర్ కనిపిస్తే కొట్టేయండి. 2022 తర్వాత అది లేదు, దాని స్థానంలో 1040-ఎస్‌ఎస్ స్పానిష్ ప్రతి వచ్చింది. నాకు ఎవరో ప్రేమగా ఇచ్చిన నోట్సులో మాత్రం దానికి ఒక పేజీ ఉంది, పసుపురంగు గీతలతో సహా.