పొద్దున నడక సరే, మిగతా పగలంతా?

తెల్లవారుజామున విశాఖ బీచ్ రోడ్డు చూసినవారెవరూ ఈ ఊరి పెద్దవాళ్లు నడవరని అనలేరు. షిప్‌యార్డులోనో, పోర్టులోనో, స్టీలు ప్లాంటులోనో జీవితకాలం పనిచేసి రిటైరైనవారు కురుసుర జలాంతర్గామి పక్కగా జట్లుజట్లుగా నడుస్తూ కనిపిస్తారు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేసేవారిలోనూ అరవై దాటినవారికి కొదవ ఉండదు. అందుచేత మనవాళ్లకు నడక గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. ఇంటికొచ్చి టిఫిను చేశాక, రాత్రి పడక ఎక్కేదాకా ఆ కాళ్లు ఏం చేస్తున్నాయన్నదే ఈ టపాలో నేను మాట్లాడదలచుకున్న విషయం.

మా అమ్మకు డెబ్బై దాటాయి. సీతమ్మధారలో మా ఫ్లాటు కిందే పార్కు ఉంది కాబట్టి పొద్దున్నే ముప్పావుగంట నడుస్తుంది. ఆ తరువాత పేపరు, ఫోను, భోజనం, కునుకు, టీవీ సీరియళ్లు, వీటన్నింటికీ ఒకటే కుర్చీ. కాసేపు లేచి తిరగమంటే, "పొద్దున్న నడిచొచ్చేను కదే, ఇంకెంత నడవమంటావు?" అని ఎదురడుగుతుంది. ఉదయపు నడకతో ఆ రోజు బాకీ మొత్తం తీరిపోయిందన్న లెక్క ఆవిడది. ఆ లెక్క ఎక్కడ తప్పుతోందో ఆవిడకు చెప్పడం కోసమే, ఎక్కువసేపు కూర్చోవడం మీద జరిగిన పరిశోధనలు చదవడం మొదలుపెట్టాను.

శరీరపు బరువులో మెదడు వాటా సుమారు 2 శాతమే అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడుకునే ప్రాణవాయువులో దాదాపు 20 శాతం దానికే కావాలి. రక్త సరఫరా నిలకడగా లేకపోతే ముందుగా తెలిసేది దానికే. గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటే పిక్కల కండరాలు బిగిసి సడలే పని ఆగిపోయి, కాళ్లలో చేరిన రక్తం పైకి వెళ్లడం మందగిస్తుంది. ఇంగ్లాండులోని లివర్‌పూల్ పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, ఆఫీసు ఉద్యోగులను నాలుగు గంటలపాటు కూర్చోబెట్టి, మెదడుకు వెళ్లే ఒక ముఖ్య ధమనిలో రక్త వేగాన్ని అల్ట్రాసౌండుతో కొలిచారు. ఏకబిగిన కూర్చున్న రోజు ఆ వేగం తగ్గింది. అరగంటకోసారి లేచి రెండేసి నిమిషాలు నడిచిన రోజు తగ్గలేదు. రెండు గంటలకోసారి ఎనిమిదేసి నిమిషాలు నడిచిన రోజు మాత్రం, మొత్తం నడక అంతే అయినా, ఆ మేలు పూర్తిగా దక్కలేదు. ఎన్ని నిమిషాలు నడిచామన్నదాంతో పాటు ఎంత తరచుగా లేచామన్నదీ లెక్కకు వస్తోందన్నమాట. అయితే ఆ అధ్యయనంలో పాల్గొన్నవారు మా అమ్మ వయసువారు కారు.

వయసు మళ్లినవారిపై జరిగినవాటిలో నాకు ఎక్కువగా నచ్చినది ఆస్ట్రేలియా పరిశోధకులు 2020లో ప్రచురించినది. 55 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 67 మందిని మూడు వేర్వేరు రోజులు పరీక్షించారు. ఒకరోజు ఎనిమిది గంటలూ కూర్చోబెట్టారు. ఇంకొకరోజు ఉదయం అరగంట ఓ మోస్తరు వేగంతో నడిపించి తరువాత కూర్చోబెట్టారు. మరొకరోజు అదే అరగంట నడకకు తోడు, ప్రతి అరగంటకూ మూడు నిమిషాలు నెమ్మదిగా నడిపించారు. నాడీకణాలకు పోషకంగా పనిచేసే బీడీఎన్ఎఫ్ అనే ప్రోటీను నడిచిన రెండు రోజుల్లోనూ రక్తంలో పెరిగింది. ఉదయపు నడక ఒక్కటే ఉన్న రోజు నిర్ణయాలకూ ఏకాగ్రతకూ సంబంధించిన సామర్థ్యం మెరుగుపడింది. విరామాలు కూడా తోడైన రోజు, ఒక విషయాన్ని కాసేపు మనసులో నిలుపుకొని దానితో పనిచేసే స్వల్పకాలిక జ్ఞాపకం మెరుగుపడింది. అంటే నడకా, విరామాలూ వేర్వేరు పనులు చేసే రెండు మందులు. బీపీ మాత్ర వేసుకున్నామని షుగరు మాత్ర మానేయం కదా. అమ్మకు అర్థమైనది ఈ మాటే.

ఇక్కడ ఒక హద్దు చెప్పకపోతే నేను ఎక్కువ చెప్పినదాన్నవుతాను. ఒక రోజులో కనిపించిన ఈ మార్పులు పదేళ్ల తరువాతి డిమెన్షియాను, అంటే జ్ఞాపకశక్తీ ఆలోచనాశక్తీ క్రమంగా తగ్గిపోయే జబ్బును, ఆపుతాయని ఏ అధ్యయనమూ రుజువు చేయలేదు. బ్రిటన్‌లో అరవై దాటిన దాదాపు 50 వేల మంది చేతికి కదలికలను కొలిచే పరికరాలు కట్టి, వారిని ఏళ్లతరబడి గమనించిన ఫలితాలు 2023లో వచ్చాయి. మెలకువగా ఉన్న వేళల్లో రోజుకు సుమారు 10 గంటలకు మించి కూర్చునేవారిలో డిమెన్షియా ముప్పు పెరుగుతూ పోయింది. అయితే మొత్తం కూర్చున్న సమయాన్ని లెక్కలోకి తీసుకున్నాక, దాన్ని ఎన్ని ముక్కలు చేశారన్నదానికి విడిగా ప్రభావం కనిపించలేదు. కాబట్టి లేచి నిలబడి వెంటనే కూలబడితే చాలదు, ఆ మొత్తం గంటలే తగ్గాలని నేను అర్థం చేసుకున్నాను. మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా. వయసు మీదపడితే మతిమరుపు మామూలే అని సరిపెట్టుకునే ఇళ్లలో అది చాలాకాలం బయటపడదు.

మధ్యాహ్నం భోజనం తరువాతి విరామం మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. అధిక బరువున్న నడివయసువారు ప్రతి 20 నిమిషాలకూ రెండు నిమిషాలు నడిస్తే, తిన్న తరువాత రక్తంలో చక్కెర అంతగా పెరగలేదని 2012లోనే ఒక ప్రయోగం చూపింది. షుగరు వ్యాధి మెదడుకూ చేటే కనుక, అన్నం తిని కుర్చీలో వాలే మన అలవాటుకు ఇది సూటిగా తగిలే విషయం. మే నెల ఉక్కపోతలో బయటికి వెళ్లమని ఎవరూ అనరు. హాలు నుంచి వంటింటికి, అక్కడి నుంచి బాల్కనీకి తిరిగితే సరిపోతుంది.

మా ఇంట్లో చేసిన మార్పులు చాలా చిన్నవి. కుర్చీ పక్కన ఉండే మంచినీళ్ల సీసాను వంటింటి గట్టు మీదికి మార్చాను. ఇప్పుడు దాహమేస్తే లేవక తప్పదు. జారే గోనెపట్టాను గుమ్మం దగ్గర నుంచి తీసేశాను. అమ్మ బీపీ మాత్రలు వేసుకుంటుంది కాబట్టి, గభాలున లేస్తే తల తిరిగే ప్రమాదం ఉంది. ముందు కుర్చీ అంచుకు జరిగి, పాదాలను నాలుగైదుసార్లు పైకీ కిందికీ ఆడించి, చేతులున్న కుర్చీని పట్టుకుని లేచి, ఒక్క క్షణం నిలబడ్డాకే అడుగు వేస్తుంది. మోకాళ్లు సహకరించని రోజున కుర్చీలోంచి నెమ్మదిగా లేచి కూర్చోవడమే చేస్తుంది. తొడల కండరాలకు అదీ పనే. లేచినప్పుడల్లా కళ్లు బైర్లు కమ్మేవారు మాత్రం ఇవేవీ మొదలుపెట్టకముందే డాక్టరుకు చెప్పాలి.

సీరియల్ మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడు లేవాలన్న ఒప్పందం బాగానే సాగింది, ఆవిడ ఓటీటీ నేర్చుకునేదాకా. అందులో ప్రకటనలు లేవు, ఒక భాగం అయిపోగానే తరువాతిది దానంతటదే మొదలవుతుంది. సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఆపేశాను. రిమోటును టీవీ పక్కనే పెట్టమన్నాను. తరువాతి భాగం కావాలంటే ఇప్పుడు అమ్మే లేచి వెళ్లి నొక్కుకుంటోంది, నన్ను నాలుగు తిట్టుకుంటూ.