మర్చిపోవడం కూడా ఆయన పెట్టిన భిక్షే

రథసప్తమి నాడు ఏడు జిల్లేడాకులు పెట్టుకోవాలని అందరికీ గుర్తుంటుంది, అవి పెట్టుకుని సూర్యనారాయణమూర్తిని ఏం అడుగుతున్నామో మాత్రం ఎవరికీ పట్టదు. తల మీద ఒకటి, భుజాల మీద రెండు, మోకాళ్ళ మీద రెండు, పాదాల మీద రెండు, ఒక ఫొటో, వాట్సాప్ స్టేటస్, రెండు చెంబుల నీళ్ళు, అయిపోయింది. ఆ తరవాత అరసవల్లి లైన్లో తోసుకోవడం. వేళ కాని వేళ శివుడి దర్శనానికి తోసుకొచ్చాడనే కదండీ సాక్షాత్తూ ఇంద్రుడికే నంది తాపు తగిలింది, ఆ దెబ్బ తగ్గడానికే పుష్కరిణి తవ్వి ఈ స్వామిని ప్రతిష్ఠ చేశాడని మన స్థలపురాణం, ఆ ఇంద్రపుష్కరిణి గట్టు మీదే నిలబడి మనం మోచేతులతో పొడుచుకుంటాం. సర్లెండి, ఆ కోపం ఇంకోసారి.

శ్లోకం తెలిసినవాళ్ళు కూడా "యద్యజ్జన్మకృతం పాపం" ఒక్కటీ గబగబా అనేసి నీళ్ళు పోసేసుకుంటారు. దాని తరవాతది నాకు ప్రాణం.

ఏతజ్జన్మకృతం పాపం యచ్చ జన్మాంతరార్జితమ్
మనోవాక్కాయజం యచ్చ జ్ఞాతాజ్ఞాతే చ యే పునః
ఇతి సప్తవిధం పాపం స్నానాన్మే సప్తసప్తికే
సప్తవ్యాధిసమాయుక్తం హర మాకరి సప్తమి

లెక్కపెట్టండి. ఈ జన్మలోది, వెనకటి జన్మలది, మనసుతో, మాటతో, ఒంటితో, తెలిసి, తెలియక. ఏడు. ఇందులో "నా వెనకటి జన్మ ఏంటో చూపించు" అని ఎక్కడైనా ఉందా? అప్పుడేం చేశానో చెప్పు అనలేదు. తీసెయ్ అంటోంది, అంతే. ఇంకో చిన్న అక్షరం ఉంది, "స్నానాన్మే"లో "మే". నాది అని. నా పాపం. పక్కింటావిడది కాదు. ఇది ఎందుకంటున్నానంటే, మన వైపు పూర్వజన్మ అనే మాట వాడేది ఎప్పుడండీ, ఎవరింట్లోనైనా కాళ్ళు రాని పిల్ల పుట్టినప్పుడు, "ఏ జన్మలో ఏం సేసిందో పాపం" అని. ఆ తల్లి వింటుండగానే అంటారు. శ్లోకం "నాది" అంటుంటే మనం "దానిది" అని చదువుతున్నాం.

ఇప్పుడు దీనికి తోడు కొత్త పిచ్చి ఒకటి. పాస్ట్ లైఫ్ రిగ్రెషన్ అట, జూమ్‌లో పడుకోబెట్టి గత జన్మలోకి పంపిస్తారట. మా బంధువులావిడ ఫీజు కట్టి మరీ వెళ్ళొచ్చింది, రాజస్థాన్లో రాణి అట. నేను ఊరుకోక, అక్కడ అంట్లు తోమిన మనిషెవరైనా కనిపించారా వదినా అన్నాను, ఆ రోజు నుంచి మాటల్లేవు.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. చెప్పకూడదనే ఇన్నాళ్ళూ ఊరుకున్నా. మా మావగారు పోయిన పదకొండు నెలలకి మా వాడు పుట్టాడు, తాత పేరే పెట్టాం. అత్తగారు భర్త పేరు పలకరు, నేనా మావగారి పేరు పెట్టి "ఒరేయ్" అనలేను, కాబట్టి ఇంట్లో వాడు "చిన్నా" అయిపోయాడు. మూడేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ "నేను పెద్దగా ఉన్నప్పుడు నాకు ఎర్రెద్దు ఉండేది" అన్నాడు. ముద్ద నా చేతిలోనే ఆగిపోయింది. మావగారికి ఎర్రెద్దు ఉండేది, నిజమే, నేను కాపురానికొచ్చేటప్పటికే అమ్మేశారు. వాడి చెవిన ఎవరేశారో, ఎవరూ వెయ్యలేదో నాకు ఇప్పటికీ తెలీదు, వాదించను కూడా.

కబురు తెల్లారేసరికి ఆడపడుచులిద్దరికీ చేరిపోయింది. ఆదివారం ఆటో దిగారు. ముందు పరీక్ష. మావగారి చుట్టల డబ్బా ఒకటి, అలాంటి పాత తగరపు డబ్బా ఇంకోటి, రెండూ ఎదురుగా పెట్టి "నీదేదిరా" అన్నారు. వాడు చుట్టల డబ్బానే పట్టుకున్నాడు. ఇంట్లో ఏడుపులు, దండాలు. వాడు మూత తీసి చూసి "బిస్కట్లు లేవు" అని పక్కన పడేశాడు, అది ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అక్కడితో ఆగితే బాగుణ్ణు. మావగారు చేబదుళ్ళు ఇచ్చే మనిషి, నోటి మాట మీద, కాగితం లేదు. పెద్దాడపడుచు వాణ్ని స్టూలు మీద కూచోబెట్టి "నాన్నా, ఎవరెవరికి ఎంతెంతిచ్చావో ఒక్కసారి సెప్పు" అని మొదలెట్టింది. తమాషా కాదు, పక్కన పుస్తకం పెన్నుతో చిన్నావిడ రెడీగా కూచుంది. వాడు అందరి మొహాలూ చూశాడు, నా మొహం చూశాడు, కింద పెదవి వణికింది, స్టూలు మీదే తడిపేసుకున్నాడు.

అప్పటిదాకా గుమ్మం దగ్గర కూచుని మాటాడకుండా ఉన్న అత్తగారు లేచొచ్చి వాణ్ని ఎత్తుకుని, కొంగుతో కాళ్ళు తుడిచి, కూతుళ్ళతో అన్న మాట ఇది: "ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ లెక్కలతోనే నిద్దర్లేకపోయినాడు. ఇప్పుడన్నీ మర్చిపోయి సుకంగా వచ్చినాడు. మళ్ళీ గుర్తు సెయ్యకండర్రా."

ఆవిడ బడి మొహం చూడలేదు. కానీ గర్భోపనిషత్తు చదువుతుంటే నాకు వినిపించేది ఆవిడ గొంతే. తొమ్మిదో నెలలో లోపలి బిడ్డకి పూర్వజన్మలన్నీ గుర్తొస్తాయట. "ఆహారా వివిధా భుక్తాః, పీతాశ్చ వివిధాః స్తనాః". ఎన్ని రకాల తిండి తిన్నాను, ఎంతమంది తల్లుల పాలు తాగాను అని ఆ చీకట్లో తలుచుకుని కుమిలిపోతుందట. బయటపడితే నారాయణుణ్ణే పట్టుకుంటాను అని మొక్కుకుంటుంది. తీరా పుట్టగానే ఒక గాలి తగిలి అంతా మర్చిపోతుంది. ఆ గాలి పేరు చూడండి, "వైష్ణవేన వాయునా". విష్ణువు గాలి. పెద్దలు దాన్ని మాయ అంటారు, నేను కాదనను, ఆ మొక్కు కూడా మర్చిపోతున్నాం కదా, అది నష్టమే. కానీ ఎంతమంది తల్లుల పాలో అన్నీ గుర్తుంచుకుని పుట్టిన బిడ్డ ఈ ఒక్క తల్లి రొమ్ము ఎలా అందుకుంటుంది చెప్పండి. నాకైతే అది తల్లి పిల్లాడి మొహం మీద ఊదినట్టే అనిపిస్తుంది.

గీత పదిహేనో అధ్యాయంలో ఆయనే చెప్పేశాడు, "మత్తః స్మృతిర్జ్ఞానమపోహనం చ". జ్ఞాపకం నా వల్లే, జ్ఞానం నా వల్లే, అవి పోవడమూ నా వల్లే. శంకరులు భాష్యంలో పుణ్యాత్ములకి జ్ఞాపకం, జ్ఞానం, పాపకర్ములకి వాటి తొలగింపు అని విడదీసి చెప్పారు. సరే, నేను ఆ రెండో లైన్లోనే నిలబడతాను, నాకేం సిగ్గు లేదు, నాకంటూ ఆయన పెట్టింది మరుపే అయితే అదే కళ్ళకద్దుకుంటాను. అసలు నాలుగో అధ్యాయంలో "బహూని మే వ్యతీతాని జన్మాని తవ చార్జున" అని, నాకన్నీ తెలుసు నీకు తెలీవు అన్నవాడు, ఆ తరవాత అర్జునుడికి ఒక్క జన్మ కథైనా విప్పాడా? రథం నిలబడే ఉంది, అవతల అన్ని అక్షౌహిణులు ఎదురుచూస్తున్నాయి, అయినా పద్దెనిమిది అధ్యాయాలు చెప్పడానికి టైము ఉంది, అది చెప్పడానికి లేదు. అవసరం లేదు కాబట్టి చెప్పలేదు.

నిజంగా గుర్తున్నవాళ్ళు ఎలా ఉన్నారో కూడా భాగవతంలోనే ఉంది. జడభరతుడు. లేడి మీద మమకారంతో లేడై పుట్టాడు, లేడిగా ఉన్నప్పుడూ గుర్తుంది, మళ్ళీ బ్రాహ్మడింట పుట్టినప్పుడూ గుర్తుంది. ఏం చేశాడు? మళ్ళీ ఎక్కడ తగులుకుంటానోనని భయపడి పిచ్చివాడిలా నోరు మూసుకు తిరిగాడు. గుర్తున్నవాడు చానల్ పెట్టలేదు మరి.

మన కాలంలో ఢిల్లీలో శాంతిదేవి ఉండేది కదా, 1926లో పుట్టింది, నాలుగేళ్ళ వయసు నుంచీ పోయిన జన్మలో నాది మధుర, నాకు భర్త ఉన్నాడు, కొడుకు ఉన్నాడు అని చెప్పిన పిల్ల, 1935లో గాంధీగారు కమిటీ కూడా వేయించారు. అందరూ ఆ కథని నిజమా కాదా అనే చూస్తారు. నాకు ఆ పిల్లే కనిపిస్తుంది. తనకంటే ఏడాది పెద్దవాడైన కుర్రాణ్ణి నా కొడుకు అనుకున్న ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్ల. ఆవిడ జన్మంతా పెళ్ళి చేసుకోలేదట. ఇలాంటి పిల్లల మీద పరిశోధన చేసినవాళ్ళు కూడా, రెండు నుంచి ఐదేళ్ళ మధ్య చెప్పడం మొదలెడతారు, ఏడెనిమిదేళ్ళకల్లా చాలామంది మర్చిపోతారు అనే రాశారు. ఆ విష్ణువు గాలి కొందరికి కాస్త లేటుగా తగులుతుందేమో.

కాబట్టి అమ్మల్లారా, పిల్లలు ఏదైనా అంటే వినండి, ఊఁ కొట్టండి, ఒక ముద్ద ఎక్కువ పెట్టండి. కెమెరా తియ్యకండి. ఎవరివిరా నువ్వు, ఎక్కడివిరా, ఎవరికెంతిచ్చావ్ అని తవ్వకండి. రథసప్తమి నాడు ఆ శ్లోకం మొత్తం చదవండి, "జ్ఞాతాజ్ఞాతే" దగ్గర ఒక్క క్షణం ఆగండి, తెలియక చేసినవి ఎన్నో ఊహించుకోడానికి కాదు, ఊహించుకోనక్కర్లేకుండా ఒప్పజెప్పే వీలుంది కాబట్టి. ఆకుల పాలు కళ్ళల్లో పడకుండా చూసుకోండి, పిల్లలకి మరీ.

మా వాడికి ఇప్పుడు పదకొండేళ్ళు. ఎర్రెద్దు సంగతి అడిగితే "నేనా? ఎప్పుడన్నాను?" అంటాడు. ఈసారి వాడికి ఆకులు నేనే పెట్టాను, అత్తగారు పెట్టే స్థితిలో లేరు. ఏడాదిగా ఒకటొకటే మర్చిపోతున్నారు, పొయ్యి, ఊరు, కూతుళ్ళ పేర్లు. ఆ రోజు తడి తలతో వాడు దండం పెట్టబోతే వాడి మొహంలోకి చూసి "ఎవరబ్బాయివి బాబూ, పేరేటి?" అన్నారు. వాడు పూర్తి పేరు చెప్పాడు, ఇంటిపేరుతో సహా. ఆవిడ గబుక్కున కొంగు తల మీదికి లాక్కుని నా వైపు తిరిగి, "ఆ పేరు నాను పలకకూడదమ్మా, నువ్వే పిలు, ఇంత పెసాదం పెట్టు" అన్నారు.